శనివారం సాయంత్రం గుడి వీధిలో బండ్లు ఎలా పెట్టించాలి

గుడి ద్వారానికి అటు యాభై అడుగులు, ఇటు యాభై అడుగులు ఒక్క బండి కూడా ఆగకుండా చూడండి. ముందు ఈ పని చేసి, తర్వాతే మిగతావి మొదలుపెట్టండి. చాలా కమిటీలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. గుడి గోడ దగ్గర నిలబడి, ఇక్కడ రెండు కార్లు, అక్కడ మూడు కార్లు పడతాయని లెక్క మొదలుపెడతాయి. ద్వారం పక్కన ఒక్క కారుకు చోటిచ్చారంటే, వచ్చే ప్రతి కారూ ఆ చోటు తనకు దొరుకుతుందేమోనని లోపలిదాకా వస్తుంది. దొరక్కపోతే అక్కడే వెనక్కి తిప్పుతుంది. వీధి బిగుసుకుపోయేది ఆ తిప్పే దగ్గరే. గుడి ముందు ఎవరికీ చోటు లేదని నాలుగు వారాలు గట్టిగా నడిపితే, రోజూ వచ్చేవాళ్ళు లోపలికి తేవడం వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఉప్పల్ వైపు మా కాలనీలో ఆంజనేయస్వామి గుడి ఉన్న వీధిలోనే మా ఇల్లు. మంగళవారం, శనివారం సాయంత్రాలు తమలపాకు పూజకు, సిందూరానికి, పదకొండు ప్రదక్షిణలకు పక్క కాలనీల నుంచి కూడా జనం వస్తారు. పార్కింగ్ చూడమని గుడి కమిటీ అడిగితే ఒప్పుకున్నాను. నాకు స్వామి మీద భక్తి ఉంది. అదే వీధిలో మంచం పట్టిన ముసలివాళ్ళున్నారు, డయాలసిస్‌కు పోయివచ్చే మనిషి ఉన్నాడు. దేవుడి పేరు చెప్పి వాళ్ళ గేటు ముందు బండి పెట్టడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. కింద రాసినదంతా ఆ నమ్మకం మీద నిలబడినదే. మీది మసీదైనా, చర్చి అయినా కొలతలు మారతాయి, పని వరస మారదు.

టేపు పట్టుకుని వీధిలో నడవండి

లేఅవుట్ కాగితంలో ఉన్న వెడల్పును నమ్మకండి. మాది 30 అడుగుల రోడ్డు, అంటే దాదాపు 9 మీటర్లు, వాలీబాల్ కోర్టు వెడల్పంత. వినడానికి బాగానే ఉంటుంది. నిజంగా కొలిస్తే ఒకవైపు కరెంటు స్తంభాలు, రెండువైపులా ఇళ్ళ ముందు కట్టుకున్న ర్యాంపులు, డ్రైనేజీ మూతలు, ఎవరో పెట్టుకున్న పూలకుండీలు పోగా బండి చక్రం ఆనే జాగా 24 అడుగులే ఉంటుంది. మీ వీధిలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఎక్కడో వెతికి, ఆ కొలతనే వీధి వెడల్పుగా రాసుకోండి.

రోడ్డు పొడవునా పెట్టిన కారు, అద్దంతో, గోడకు వదిలిన సందుతో కలిపి ఏడు అడుగులు తింటుంది. రెండువైపులా పెట్టిస్తే 24లో 14 పోయి, మిగిలేది పది. మన దేశంలో బస్సుకైనా లారీకైనా వెడల్పు 2.6 మీటర్లు మించకూడదని రూలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. ఫైరింజను కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. పది అడుగుల్లో అది నిటారుగా దూరగలదేమో కానీ, పిల్లల్ని పట్టుకుని నడిచే జనం మధ్య నుంచి దూరలేదు. ఒకవైపే పెట్టిస్తే 17 అడుగులు మిగులుతాయి. అందులో 12 బండ్లకు, మిగతాది నడిచేవాళ్ళకు. అందుకే ముప్పై అడుగుల రోడ్డులో పార్కింగ్ ఒకవైపే ఉండాలి. ఈ విషయంలో బేరాలొద్దు. నలభై అడుగుల రోడ్డుంటే రెండువైపులా పెట్టించవచ్చు, అదీ ర్యాంపులు పోగా కొలిచాకే.

ఏ వైపు పెట్టించాలన్నదానికి నా సలహా, గేట్లు తక్కువున్న వైపు. స్తంభాల వైపే అయితే ఇంకా మంచిది, రెండు స్తంభాల మధ్య ఎలాగూ జనం నడవరు.

గేట్లు, మలుపులు

ఇంటి గేటు ముందు ఖాళీ వదలాలని అందరికీ తెలుసు. గేటుకు ఎదుటివైపు కూడా వదలాలని చాలామందికి తెలియదు. గేటులోంచి కారు వెనక్కి వచ్చి తిరగాలంటే దాని ముక్కుకో తోకకో ఎదుటి గోడ దాకా జాగా కావాలి. అక్కడ కారుంటే గేటు తెరిచి ఉన్నా మూసినట్టే. అందుకని గేటుకు రెండువైపులా రెండేసి అడుగులు కలిపి గీత గీయండి, ఎదుటివైపు అదే వెడల్పులో ఇంకో గీత. ఎదుటి గీతలో స్కూటర్లు పెట్టించవచ్చు, అవసరమైతే ఇద్దరు కలిసి నెట్టేయగలరు. కార్లు మాత్రం వద్దు.

మలుపు దగ్గర ఇరవై అడుగులు ఖాళీగా ఉండాలి, నాలుగు మూలలా. 108 అంబులెన్సు తిరగలేక ఆగిపోయేది మలుపులోనే. వీధి మధ్యలో ఎంత ఖాళీ ఉన్నా మూలన ఒక్క కారుంటే లోపలికి రాదు. మా కాలనీలో మూలమీద ఎప్పుడూ ఒకావిడ కొబ్బరికాయల బండి ఉండేది. ఆమె గుడి కట్టకముందు నుంచి అక్కడే అమ్ముతోంది. ఆమెను వెళ్ళగొట్టమని కొందరన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆమెతోనే మాట్లాడి, బండిని మూల నుంచి ముప్పై అడుగులు లోపలికి జరిపి, అది ఆమె చోటని గీత గీశాం. పూలవాళ్ళకు, తమలపాకులు అమ్మేవాళ్ళకు కూడా అలాగే. వాళ్ళ చోటు వాళ్ళకు ఖాయమైతే, ఆ చుట్టూ ఎవరూ బండి ఆపకుండా వాళ్ళే చూసుకుంటారు. మీ మనిషి కంటే ముందు వాళ్ళే అరుస్తారు.

గీతలకు పొడి సున్నం వాడకండి, గాలికి లేచి కళ్ళలో పడుతుంది. ముగ్గుపిండిని నీళ్ళలో చిక్కగా కలిపి, బ్రష్షుతో గీస్తే వానొచ్చే వరకు ఉంటుంది. గీతకు ముందు తాడు కట్టి లాగండి, వంకరగా ఉన్న గీతను ఎవరూ లెక్కచేయరు. గ్రౌండులో కోర్టులు గీసిన అలవాటుతో చెబుతున్నాను, నిటారుగా, మూలలు సరిగ్గా ఉన్న గీతకు మనిషి తెలియకుండానే లోబడతాడు. అడ్డంగా రాళ్ళు మాత్రం పెట్టకండి. పొద్దున పెట్టిన రాయిని రాత్రి తీయడం మర్చిపోతారు, చీకట్లో స్కూటర్ మీద వచ్చే మనిషి దానికి తగిలి పడతాడు. ప్లాస్టిక్ కోన్లు పెట్టండి, అవి లేకపోతే ఖాళీ నూనె డబ్బాల్లో సగం ఇసుక పోసి ఎర్ర గుడ్డ చుట్టండి.

స్కూటర్లు దగ్గర, కార్లు దూరం

ఒక కారు పొడవునా పెట్టాలంటే ముందూ వెనకా వదిలే జాగాతో ఇరవై అడుగులు కావాలి. అదే ఇరవై అడుగుల్లో బైకులు గోడకు ముక్కు పెట్టి నిలబెడితే ఏడు పడతాయి. రోడ్డులోకి చొచ్చుకొచ్చేది రెండూ దాదాపు ఒకటే. ఒక కారులో వచ్చే నలుగురి కోసం, ఏడు బైకుల మీద వచ్చే పది పన్నెండు మందిని దూరం పంపడం న్యాయం కాదు. అందుకే గుడి వీధిలో బైకులకే చోటు, కార్లన్నీ బయటికి.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. మామూలు శనివారం భక్తుడు ప్రదక్షిణలు చేసి, తీర్థం తీసుకుని, ఐదు నిమిషాలు కూర్చుని అరగంటలో తిరిగి పోతాడు. అంటే ఇరవై బైకుల చోటు గంటకు నలభై బైకులకు సరిపోతుంది. కానీ హనుమాన్ చాలీసా పదకొండు సార్లు చదవాలని వచ్చినవాళ్ళు, భజన బృందం, అన్నదానంలో వడ్డించేవాళ్ళు మూడు గంటలు కదలరు. వాళ్ళ బండ్లు దగ్గర పెడితే ఆ చోటు సాయంత్రమంతా చచ్చిపోయినట్టే. ఎక్కువసేపు ఉండేవాళ్ళు అందరికంటే దూరం పెట్టాలి. ఇందులో మొదటి వరస గుడి కమిటీ వాళ్ళది. చైర్మన్ గారి కారు స్కూల్ గ్రౌండులో చివరి వరసలో కనిపిస్తే, మిగతావాళ్ళకు చెప్పాల్సిన మాట సగం తగ్గుతుంది. ఈ ఒక్కటి ఒప్పుకోని కమిటీకి ఎంత పద్ధతి నేర్పినా నడవదు.

పెద్దవాళ్ళను దించడానికి మాత్రం ద్వారానికి యాభై అడుగుల అవతల రెండు కార్ల పొడవు చోటు ఉంచండి. దించాలి, కదలాలి. డ్రైవరు సీట్లోంచి దిగకూడదు. అక్కడ ఒక మనిషి, ఒక కుర్చీ, వీలైతే ఒక వీల్‌చైర్ ఉంచండి. కారు నడుపుకుంటూ వచ్చిన కొడుకు, తల్లిని ఎవరికి అప్పగించాలో తెలియకే అక్కడ పది నిమిషాలు ఆగుతాడు. "అన్నా, అమ్మను నేను కూర్చోబెడతా, మీరు బండి పెట్టి రండి" అనే మనిషి ఉంటే అర నిమిషంలో కదులుతాడు. మా దగ్గర ఈ పని నా పాత విద్యార్థిని చేస్తుంది. అందరి కంటే కష్టమైన పని అదే, అందరి కంటే బాగా చేసేది తనే.

పొంగిన బండ్లు ఎక్కడికి

చుట్టూ ఐదు నిమిషాల నడకలో ఉన్న ఖాళీ జాగాలన్నీ రాసుకోండి. సాధారణంగా మూడు దొరుకుతాయి. ప్రభుత్వ స్కూలు గ్రౌండు, ఫంక్షన్ హాలు, ఖాళీ ప్లాట్లు.

స్కూలు గ్రౌండు గురించి కాస్త వివరంగా చెబుతాను, నా జీవితం గడిచింది అక్కడే కాబట్టి. నోటిమాటతో తాళం తీయించుకోకండి. హెడ్‌మాస్టరు గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఏ రోజులు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎవరు బాధ్యులు, ఊడ్చి ఇచ్చేదెవరు అన్నీ అందులో ఉండాలి. తెలంగాణలో ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి, వాళ్ళకు కూడా ఒక కాపీ ఇవ్వండి. ఆ పిల్లల తల్లులు ఒప్పుకుంటే రేపు ఎవరూ అభ్యంతరం పెట్టరు. స్కూలు వదిలి, పిల్లలంతా బయటికి వెళ్ళాకే మొదటి బండి లోపలికి రావాలి. పదో తరగతి పరీక్షల రోజుల్లో అసలు అడగకండి.

కబడ్డీ కోర్టు మీద, రన్నింగ్ ట్రాక్ మీద బండి పెట్టనివ్వకండి. తడి మట్టి మీద కారు చక్రం దిగితే గాడి పడుతుంది, అది ఎండి గట్టిపడుతుంది. మర్నాడు దాని మీద పరుగెత్తే పిల్లవాడి మడమ తిరుగుతుంది. చూసేవాళ్ళకు అది ఉత్త మట్టి నేల. పిల్లలకు అదే కోర్టు, వాళ్ళకు ఇంకోటి లేదు. కోర్టు చుట్టూ తాడు కట్టి, గోడ వెంట మాత్రమే బండ్లు పెట్టించండి. వాన పడిన రోజు గ్రౌండు మూసేయండి, ఎంత రద్దీ ఉన్నా సరే. జూన్ నుంచి అక్టోబరు దాకా మీకు రెండో ఏర్పాటు ఉండి తీరాలి.

ఆ రెండో ఏర్పాటు ఫంక్షన్ హాలు. ముహూర్తాలు లేని రోజుల్లో దాని పార్కింగు ఖాళీగానే ఉంటుంది. యజమానిని అడిగేటప్పుడు పంచాంగం పట్టుకుని వెళ్ళి, మూఢం, శూన్యమాసం రోజులు చూపించి అడగండి. ఆ రోజులు ముందే ఖాయం చేసుకుంటే మిగతా రోజుల సంగతి వారం వారం మాట్లాడుకోవచ్చు.

ఖాళీ ప్లాటు అన్నిటికంటే సులువుగా కనిపిస్తుంది. యజమాని ఒప్పుకున్నాక కూడా పగటిపూట ఒకసారి మొత్తం నడిచి చూడండి. పగిలిన సీసాలు, మట్టిలో దాగిన ఇనుప ఊచలు, మూత లేని సంపు గుంతలు ఉంటాయి. ముళ్ళకంప కొట్టించని ప్లాటులోకి రాత్రి పూట కుటుంబాలను నడిపించకండి, పాములుంటాయి.

ఎక్కడ పెట్టించినా వెలుతురు కావాలి. గ్రౌండు నుంచి గుడికి నడిచే దారిలో ఆడవాళ్ళు, పిల్లలు ఎనిమిదిన్నరకు తిరిగొస్తారు. దారిలో వీధిదీపం వెలగకపోతే మున్సిపల్ ఆఫీసుకు ఫిర్యాదు చేయండి, అది వెలిగే దాకా మీరే ఒక బల్బు కట్టండి. గ్రౌండు గేటు దగ్గర కనీసం ఒక ఆడమనిషి వాలంటీరుగా ఉండాలి. ఇది లేకపోతే మీరు ఎంత చెప్పినా ఆడవాళ్ళు స్కూటీని గుడి గోడకే ఆనించి పెడతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మసీదుకు, చర్చికి లెక్క వేరు

మా పక్క కాలనీ మసీదు కమిటీ వాళ్ళు, మేము ఒకే ఫంక్షన్ హాలు జాగా వాడుకుంటాం. వాళ్ళకు శుక్రవారం మధ్యాహ్నం, మాకు శనివారం సాయంత్రం. కోన్లు, తాళ్ళు ఉమ్మడివి. వాళ్ళ దగ్గర చూశాక నాకు ఒక తేడా తెలిసింది. జుమ్మా నమాజుకు అందరూ దాదాపు ఒకే సమయానికి వస్తారు, ఒకేసారి వెళ్తారు. కాబట్టి ఖాళీ జాగాలో బండ్లను వరసల వెనక వరసగా దగ్గరగా పెట్టించవచ్చు, ముందు వరస కదిలాక వెనక వరస కదులుతుంది. పక్కన ఒక్క దారి వదిలితే చాలు. చర్చిలో ఆదివారం ఆరాధన కూడా అలాంటిదే, పైగా ఆ రోజు స్కూలు సెలవు. గుడికి ఇది పనికిరాదు. గుడిలో ఒకరు వస్తుంటే ఒకరు పోతుంటారు, ఏ బండి ఎప్పుడు కదులుతుందో తెలియదు. గుడి దగ్గర ఒక బండి వెనక ఇంకో బండి అడ్డంగా పెట్టించారంటే పది నిమిషాల్లో గొడవ ఖాయం.

రంజాన్ నెలలో తరావీ నమాజు రాత్రి పూట రోజూ ఉంటుంది. ఆ నెల శనివారాల్లో రెండు సమయాలు దగ్గరపడతాయి కాబట్టి నెలవంక కనిపించకముందే రెండు కమిటీలూ కూర్చుని మాట్లాడుకోవాలి. అదే మాటల్లో పండగ రోజుల వాలంటీర్ల సంగతి కూడా తేల్చుకోండి.

మనుషులు, విజిల్, మాట

మామూలు శనివారానికి ఆరుగురు చాలు. వీధి మొదట్లో ఇద్దరు, దించే చోట ఒకరు, వీధి మధ్యలో ఒకరు, వీధి చివర బయటికి పోయే దగ్గర ఒకరు, గ్రౌండులో ఒకరు. బలమైన మనిషిని గుడి ద్వారం దగ్గర పెట్టకండి. ఓర్పున్న మనిషిని వీధి మొదట్లో పెట్టండి. లోపల చోటు లేదన్న సంగతి, బదులుగా ఎక్కడ పెట్టాలన్న సంగతి బండి వీధిలోకి తిరగకముందే చెప్పాలి. లోపలికి వచ్చాక చెబితే వాళ్ళను మళ్ళీ తిప్పి పంపే బాధ కూడా మనదే.

"ఇక్కడ పెట్టొద్దు" అని చెప్పడం వల్ల ఏమీ కాదు. ఎక్కడ పెట్టాలో ముందు చెప్పండి. "అన్నా, స్కూల్ గ్రౌండు తెరిచి ఉంది, ఎడమకు తిరిగితే రెండో గేటు, లైట్లున్నాయి, రెండు నిమిషాల నడక." "అక్కా, స్కూటీ అయితే ఇట్లనే రండి, స్తంభం పక్కన జాగా ఉంది." "పెద్దనాన్నా, మీరు ముందుకు పోయి దిగండి, బాబు బండి పెట్టి వస్తడు." ఇంతే మాట, ఇదే వరసలో, ప్రతిసారీ. రోజంతా ట్రాఫిక్‌లో అలసి వచ్చిన మనిషికి ఒక ఖాయమైన చోటు చూపిస్తే చాలు, ఎక్కువమంది మారుమాట లేకుండా తిరిగిపోతారు. ఎవరైనా ఎదురు తిరిగి, నేను ఎవరో తెలుసా అంటే, అప్పుడు నేను చెప్పేది ఒక్కటే. "ఆ నీలం గేటు ఇంట్లో పేషెంటున్నారు, అంబులెన్సు వస్తే దారి కావాలి." ఇది నిజం, అందుకే పనిచేస్తుంది. మీ వీధిలో నిజం కాకపోతే అనకండి. ఉన్నా ఆ మనిషి పేరు, జబ్బు సంగతి బయటపెట్టకండి.

విజిల్ గురించి. ఒక పొడుగు ఊత అంటే ఆగమని, రెండు పొట్టి ఊతలంటే రమ్మని. ఇంకేమీ వద్దు. ఊరికే ఊదుతూ ఉంటే ఎవరూ వినరు, గుడిలో ఉన్నవాళ్ళకు, ఇళ్ళలో చదువుకునే పిల్లలకు ఇబ్బంది. చెయ్యి భుజం ఎత్తున చాచి ఆపాలి, నడుము దగ్గర ఊపితే చీకట్లో కనబడదు. రేడియం జాకెట్లు అందరికీ ఉండాలి, టార్చి కూడా. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలను వీధి మొదట్లో, చివర్లో నిలబెట్టకండి. వాళ్ళు ఉత్సాహంగా వస్తారు, చెప్పుల స్టాండు దగ్గరో, గ్రౌండు లోపలో పని ఇవ్వండి.

వీధిని రద్దీ ఉన్నంతసేపు ఒకే వైపు నడిపించగలిగితే సగం పని అయిపోయినట్టే. గుడి వీధిలో లోపలికి, వెనక గల్లీలోంచి బయటికి. కానీ మీ అంతట మీరు రోడ్డును వన్‌వే అని మూసేసే హక్కు మీకు లేదు. చెప్పి నడిపించగలరు, బలవంతం చేయలేరు. పండగ రోజున నిజంగా మూయాల్సి వస్తే అది ట్రాఫిక్ పోలీసుల పని.

ఏ పని మనది కాదు

వాలంటీరుకు ఎవరి బండినీ ముట్టుకునే అధికారం లేదు. గాలి తీయడం, చక్రానికి గొలుసు వేయడం, మిగతా బండ్లను అడ్డంగా పెట్టి బంధించడం చేయకండి. గాలి తీసిన కారు ఇంకో రెండు గంటలు అక్కడే ఉంటుంది, గేటు ఇంకో రెండు గంటలు మూసుకుపోతుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 122వ సెక్షన్, అడ్డంగా ప్రమాదంగా బండి వదిలేయడాన్ని తప్పంటుంది. 127వ సెక్షన్, అలాంటి బండిని లాగించే, చక్రానికి తాళం వేయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికిస్తుంది. అంబులెన్సుకూ ఫైరింజనుకూ దారివ్వని డ్రైవరు మీద 2019 సవరణలో 194-ఇ సెక్షన్ వచ్చింది. మీరు చేయగలిగింది ఫోటో తీసి, స్టేషనుకు ఫోన్ చేయడం. అత్యవసరమైతే 100 కానీ 112 కానీ. మంట అయితే 101.

దానికంటే ముందు మైకులో పిలవండి. బండి నంబరు మొత్తం చదివితే ఎవరికీ అందదు. చివరి నాలుగంకెలు, రంగు, బండి పేరు చెప్పండి. "నలభై రెండు పదహారు, తెల్ల స్విఫ్టు, నీలం గేటు ముందుంది, దయచేసి రండి." అర్చన జరుగుతుంటే మంత్రం ఆగే దాకా ఆగి చెప్పమని పూజారి గారితో ముందే ఒప్పందం చేసుకోండి. కారు అద్దంలో ఫోన్ నంబరు రాసి పెట్టమనే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, నేను వద్దంటాను. ఆడవాళ్ళ నంబర్లు వీధిలో వేలాడకూడదు. గ్రౌండులో వాలంటీరు ఒక పుస్తకంలో బండి అంకెలు, ఫోన్ నంబరు రాసుకుని, రాత్రి ఆ పేజీ చించేస్తే సరిపోతుంది.

డబ్బు వసూలు చేయకండి. వీధి మున్సిపాలిటీది, గ్రౌండు ప్రభుత్వానిది. పది రూపాయలు తీసుకున్న క్షణం నుంచి ఆ బండి మీద గీత పడినా, హెల్మెట్ పోయినా మీదే బాధ్యతని అంటారు. ఇవ్వాలనుకున్నవాళ్ళు హుండీలో వేస్తారు.

వాహన పూజ

ఆంజనేయస్వామి గుళ్ళకు ఇది ప్రత్యేకమైన సమస్య. కొత్త బండి కొన్నవాళ్ళు నేరుగా ఇక్కడికే వస్తారు, శనివారమే వస్తారు, బండి ద్వారానికి ఎదురుగానే ఉండాలంటారు. దండ వేసి, సిందూరంతో స్వస్తిక్ గీసి, దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫోటోలు దిగేసరికి పావుగంట. అంతసేపు దారి బంద్. వాళ్ళ సంతోషాన్ని చిన్నబుచ్చకండి. ఎన్నో ఏళ్ళు కూడబెట్టి కొన్న బండి అది.

వాహన పూజకు వేరే చోటు, వేరే సమయం పెట్టండి. మేము పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రమైతే గ్రౌండు గేటు పక్కన పెట్టించాం. అక్కడి నుంచి గుడి గోపురం కనబడుతుంది, బండి ముఖం అటు తిప్పి నిలబెడతారు. పూజారి గారే అక్కడికి వస్తారని బోర్డు మీద రాశాం. అక్కడ ఒక బకెట్టు నీళ్ళు, ఒక చీపురు తప్పకుండా ఉండాలి. కొబ్బరి నీళ్ళు, నలిగిన నిమ్మకాయలు, నూనె మీద బైకు జారుతుంది, చిప్పల ముక్కలు చక్రాల కింద పడతాయి. కర్పూరం హారతి బైకు ట్యాంకుకు దూరంగా ఇవ్వమని చెప్పండి, పెట్రోలు నిండా కొట్టించుకుని వస్తారు. దసరాకు ఆయుధపూజ రోజున ఆటోలు, ట్రాక్టర్లు కూడా వరస కడతాయి. ఆ రోజు ముందే టోకెన్లు ఇవ్వకపోతే అదుపు చేయలేరు.

ఇరుగుపొరుగు

ప్రతి శుక్రవారం సాయంత్రం వీధి వాట్సాప్ గ్రూపుకు ఒక మెసేజ్ పెట్టండి. రేపు సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్య కారు తీయాల్సినవాళ్ళు చెప్తే వాళ్ళ గేటు దగ్గర ఒక మనిషి ఉంటాడని. వాట్సాప్ లేని ముసలివాళ్ళ ఇంటికి మనిషి వెళ్ళి అడగాలి. ఎవరింట్లో నిండు గర్భిణి ఉంది, ఎవరు నైట్ డ్యూటీకి పోతారు, ఎవరికి ఆస్పత్రి అపాయింటుమెంటు ఉంది, ఇవన్నీ వీధి మధ్యలో నిలబడే వాలంటీరు మనసులో ఉండాలి, కాగితం మీద కాదు. వీధిలో ఉండేవాళ్ళకు రంగు చీటీ ఇచ్చి కారు అద్దం లోపల పెట్టుకోమనండి, వీధి మొదట్లో వాళ్ళను ఎవరూ ఆపకూడదు. సొంతింటికి పోవడానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఎంత కోపం తెప్పిస్తుందో ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళకే తెలుసు. అన్నదానం ఉన్న రోజు రోడ్డు మీద విస్తరాకులు రాత్రే ఎత్తించండి, పొద్దున చెత్త ఆటో వచ్చే దాకా ఆగితే కుక్కలు వీధంతా లాగుతాయి.

పెద్ద రోజులు

మా తెలంగాణలో హనుమంతుడికి రెండు పెద్ద రోజులు. చైత్ర పౌర్ణమి ఒకటి, వైశాఖ బహుళ దశమి ఇంకొకటి. దీక్ష తీసుకున్న స్వాములు ఆ రెంటి మధ్య రోజుల్లో గుంపులుగా వస్తారు. చైత్ర పౌర్ణమి నాడు హైదరాబాదులో గౌలిగూడ నుంచి తాడ్‌బండ్ దాకా శోభాయాత్ర ఉంటుంది. పోలీసులు చాలామంది ఆ బందోబస్తులో ఉంటారు. దారులు మళ్ళిస్తారు, మన వీధికి రావాల్సిన జనం వేరే వైపు నుంచి వస్తారు. అందుకే ట్రాఫిక్ స్టేషనుకు ఉత్తరం కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వండి, వీధి మ్యాపు చేత్తో గీసి జతచేయండి. ఎక్కడ గీతలున్నాయి, ఎక్కడ బయటికి దారి, గ్రౌండులో ఎన్ని బండ్లు, బాధ్యులెవరు. వాళ్ళు ఒక్క కానిస్టేబుల్‌ను పంపినా వీధి మొదట్లో నిలబెట్టమనండి.

2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అది పార్కింగ్ వల్ల జరిగింది కాదు. కానీ జనం ఒక్కసారిగా కదిలితే వాళ్ళకు పక్కకు జరిగే జాగా ఎంత అవసరమో ఆ రోజు నుంచి నాకు ప్రతి పండగకూ గుర్తొస్తుంది. ద్వారం ముందు వంద అడుగులు ఖాళీ ఉంచమని నేను పట్టుబట్టేది బండ్ల కోసమే కాదు. పండగ రోజున ఆ ఖాళీలో బారికేడ్లు, చెప్పుల కుప్పలు, ప్రసాదం బల్లలు కూడా ఉండకూడదు.

హారతికి పది నిమిషాల ముందు వీధిలోకి కొత్త బండ్లను ఆపేయండి, అందరినీ గ్రౌండుకు పంపండి. హారతి అయ్యాక జనం ఒక్కసారే బయటికి వస్తారు. అప్పుడు మొదట నడిచేవాళ్ళను పోనివ్వాలి, తర్వాత వీధి చివర ఉన్న బైకులు, ఆ తర్వాత లోపలివి. గుడి దగ్గరి బండ్లను ముందు వదిలితే అవి నడిచే జనంలో ఇరుక్కుంటాయి. గ్రౌండు గేటు దగ్గర వరసకు ఒకరిని చొప్పున వదలండి, గేటు బయట ఎవరూ ఆగి మాట్లాడుకోకుండా ఒక మనిషి ఉండాలి.

ఆఖరి బండి వెళ్ళాక గ్రౌండు మొత్తం టార్చితో ఒకసారి తిరగండి. తాళంచెవులు, పర్సులు, చిన్నపిల్లల చెప్పులు దొరుకుతాయి, అవి గుడి ఆఫీసులో రాయించండి. తాళ్ళు విప్పి చుట్టేయండి, కోన్లు లోపల పెట్టండి. గేటుకు తాళం వేసి, ఆ తాళంచెవి అదే రాత్రి వాచ్‌మన్ చేతికే ఇవ్వండి. సోమవారం పొద్దున ప్రార్థన గంటకు ముందు ఒకరు వెళ్ళి, కోర్టు మీద గాడి ఏదైనా పడిందేమో చూసి, పడితే మట్టి పోసి తొక్కించి రావాలి.